మా కారు షెడ్డు కప్పుకి ఎంత వాలు?

పోయిన వేసవిలో మా ఇంట్లో నెల రోజుల పాటు జరిగిన చర్చ ఒకటుంది. విషయం చిన్నదే. ఇంటి పక్కన కారు పెట్టుకోవడానికి ఒక షెడ్డు కట్టాలి. దాని కప్పుకి ఎంత వాలు పెట్టాలి? ఇందులో నెల రోజులు మాట్లాడుకోవడానికి ఏముందని మీరు అనుకోవచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

మాది కోనసీమలో పెంకుటిల్లు. అత్తయ్యగారు ఒక్కరే ఉండేవారు. మావారికి దగ్గరలోకి బదిలీ అయ్యాక మేమూ ఇక్కడికే వచ్చేశాం. వచ్చిన రెండో వారంలోనే కొబ్బరికాయ ఒకటి రాలి కారు ముందు అద్దం పగిలింది. కోనసీమలో కారు కొనుక్కున్నవాళ్ళు మొదట నేర్చుకునే పాఠం అదే. నీడ బాగుంది కదా అని కొబ్బరి చెట్టు కింద బండి పెట్టకూడదు. అద్దం బిల్లు కట్టొచ్చిన రోజునే మావారు మేస్త్రిని పిలిపించారు.

మేస్త్రి కొలతలు తీశాడు. వెడల్పు పన్నెండడుగులు, పొడవు ఇరవై. ఇంటి గోడకీ షెడ్డుకీ మధ్య పదడుగుల ఖాళీ, అవతల ప్రహరీకి ఇంకో అయిదడుగులు. నాలుగు పక్కలా ఇనప స్తంభాలు, పైన రంగు రేకులు, గోడలు లేవు. ప్రహరీ వైపు పదడుగుల ఎత్తు, ఇంటి వైపు తొమ్మిదడుగులు.

"అడుగుకి అంగుళం వాటం చాలండీ బాబుగారూ, నీళ్ళు గడగడా పోతాయి. మూడు రోజుల్లో అయిపోద్దండి," అన్నాడు.

మావారికి నచ్చింది. ఖర్చు తక్కువ, పని తొందర. అత్తయ్యగారు వరండాలో కూర్చుని అంతా విన్నారు. మేస్త్రి వెళ్ళాక ఒకే మాట అన్నారు. "రేకులొద్దురా. ఆ వాలు అసలొద్దు."

ఎందుకని అడిగితే చెప్పలేదు. "పెంకుటింటి పక్కన ఎబ్బెట్టుగా ఉంటుంది," అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ అసలు కారణం అది కాదని నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా నేను కప్పుల గురించి చదవడం మొదలుపెట్టాను.

నాకు ఈ కుతూహలం ఎక్కడిదంటే, నేను పెరిగింది అనంతపురంలో. నాన్నగారి ఉద్యోగం అక్కడ. మా వీధిలో ఇళ్ళన్నీ మిద్దెలే. పైన బల్లపరుపుగా మట్టి. దూలాల మీద కర్రలు పరిచి, ఆకూ కంపా వేసి, దాని మీద మట్టి మెత్తి, పైన చౌడు పోసేవారు. చౌడు మట్టి తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. వానలకి ముందు మళ్ళీ కాస్త చౌడు పోసి సర్దితే ఆ ఏడాదికి సరి. ఎండాకాలం రాత్రిళ్ళు అందరం ఆ మిద్దె మీదే పడుకునేవాళ్ళం. మిరపకాయలూ, వడియాలూ, చింతపండూ అన్నీ అక్కడే ఎండేవి. ఇంటి కప్పంటే నా దృష్టిలో ఇంకో గది, ఆకాశం ఉన్న గది.

పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పుడు మొదటి వానాకాలంలో నాకు అర్థమైంది, ఇక్కడ కప్పంటే గది కాదు, గొడుగు అని. అనంతపురానికి ఏడాది మొత్తానికి వచ్చే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. గోదావరి డెల్టాలో దానికి రెట్టింపు పడుతుంది. అక్కడి మట్టి మిద్దె ఇక్కడ కడితే ఒక్క శ్రావణం దాటదు. ఇక్కడ నీరు కప్పు మీద నిలబడకూడదు, పడ్డది పడ్డట్టు జారిపోవాలి. అందుకే వాలు.

ఎంత వాలు అన్నది కప్పుకి ఏం వేశామన్న దాన్నిబట్టి ఉంటుంది. మన కప్పుల చరిత్రంతా ఈ ఒక్క లెక్కలో ఉందని చదివాక నాకు తెలిసింది.

మొదట తాటాకు, గడ్డి. ఆకుకి తనంతట తనుగా నీటిని ఆపే శక్తి లేదు. పై పొర తడుస్తుంది, నీరు ఆకు వెంట జారి కింది ఆకు మీదికి, అక్కణ్ణించి చూరుకి చేరుతుంది. వాలు తగ్గితే నీరు నెమ్మదిస్తుంది, లోపలి పొరల్లోకి ఇంకుతుంది, ఆకు కుళ్ళుతుంది. అందుకని పూరింటి కప్పు నిటారుగా ఉండాలి. అడుగు అడ్డానికి అడుగు ఎత్తు, అంటే సగం నిలువు, 45 డిగ్రీలు. మన పాకలన్నీ తలకి పెద్ద టోపీ పెట్టుకున్నట్టు ఉండేది అందుకే.

ఈ పాక ఎంత పాతదో చూడాలంటే గుంటుపల్లి వెళ్ళాలి. ఏలూరు జిల్లాలో కామవరపుకోట దగ్గర కొండ మీద బౌద్ధ గుహలున్నాయి. వాటిలో గుండ్రటి చైత్యం ఒకటుంది, క్రీస్తు పూర్వం 2వ శతాబ్ది నాటిదంటారు. లోపలికి వెళ్ళి తలెత్తి చూస్తే పైన రాతిలో వాసాలు కనిపిస్తాయి. గుడిసె కప్పుకి కర్ర వాసాలు ఎలా కూడుకుంటాయో అలాగే రాయిని చెక్కారు. రాయికి వాసాలతో పని లేదు. కానీ చెక్కినవాడికి ఇల్లంటే వాసాలున్న ఇల్లే. రెండు వేల ఏళ్ళకి పైబడ్డ మన పూరిల్లు ఆ కొండలో అలా మిగిలిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట మనకి ఎందుకొచ్చిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. పీట మీద కూర్చుని తలెత్తితే కనపడేవి వాసాలే. స్లాబు ఇంట్లో భోంచేసేవాడు ఏం లెక్కపెడతాడు? ఫ్యాను రెక్కలు మూడే.

సముద్రపు ఒడ్డున, ముఖ్యంగా ఉత్తరాంధ్రలో, చుట్టిల్లు ఉండేది. గుండ్రటి మట్టిగోడ, పైన శంఖంలాంటి తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే వంగి లోపలికి వెళ్ళాలి. చూసినవాళ్ళకి పేదరికంలా కనిపిస్తుంది. నిజానికి అది గాలికి కట్టిన ఇల్లు. గుండ్రంగా ఉంది కనుక గాలికి పట్టుకోవడానికి మూల దొరకదు, చూరు నేలకి దగ్గరగా ఉంది కనుక కింద దూరి పైకెత్తడానికి సందు దొరకదు.

తాటాకుకి రెండు బాధలు. ఒకటి నిప్పు. అందుకే పాతకాలంలో వంటిల్లూ, బండి పాకా, గడ్డివామీ ఇంటికి దూరంగా ఉండేవి. ఇప్పుడు మనం కారు షెడ్డు విడిగా కట్టుకుంటున్నామే, ఆ అలవాటు బండి పాకతోనే మొదలైంది. ఐరోపాలోనూ గుర్రపు బగ్గీల కొట్టాలు ఇంటికి విడిగానే ఉండేవి. కార్లు వచ్చాక ఆ కొట్టాల్లోనే పెట్టారు, పెట్రోలు భయం కూడా తోడయింది. గ్యారేజ్ అన్న మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మూలానికి అర్థం భద్రంగా ఒక చోట ఉంచడం. మన పాకకీ పని అదే. తాటాకు రెండో బాధ, రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ నేయించాలి. కమ్మలు కొనాలి, మనుషుల్ని పిలవాలి, నాలుగు రోజులు ఇంటిల్లిపాదికీ దుమ్ము.

కాస్త కలిగినవాళ్ళు నాటు పెంకు వేసుకునేవారు. కుమ్మరి చేసిన గూన పెంకు, ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. వాటికి ఒకదానికొకటి పట్టు లేదు. వాలు మరీ ఎక్కువైతే జారతాయి, తక్కువైతే కారతాయి. కోతులు తిరిగినా పిల్లులు పరిగెత్తినా కదులుతాయి. ప్రతి ఏడూ వానలకి ముందు పెంకు సర్దించుకోవడం ఒక పండగ పనిలా ఉండేది.

ఆ తర్వాత వచ్చింది మన అందరికీ తెలిసిన మంగుళూరు పెంకు. దాని కథ చదివి నేను ఆశ్చర్యపోయాను. ఒకదానిలో ఒకటి ఇమిడే పెంకుని 1841లో ఫ్రాన్సులో ఆల్సేస్ ప్రాంతపు గిలార్డోనీ అన్నదమ్ములు తయారుచేశారు. పెంకు అంచుల్లో గాడి, పక్క పెంకు అంచులో గట్టు. నీరు అడ్డంగా దూరదు, పెంకు జారదు. బాసెల్ మిషన్‌కి చెందిన జార్జ్ ప్లెబ్స్ట్ 1865లో మంగుళూరులో ఇలాంటి పెంకుల ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. నేత్రావతి ఒండ్రు మట్టి, కాల్చడానికి కట్టెలు, పంపడానికి ఓడరేవు అన్నీ అక్కడే ఉన్నాయి. అక్కణ్ణించి ఆ పెంకు దేశమంతా పాకింది. తర్వాత గోదావరి మట్టితో రాజమండ్రి ప్రాంతంలోనూ పెంకులు చేశారు.

అది గోదావరి జిల్లాలకి రావడం సరిగ్గా సమయానికి జరిగింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవ నీళ్ళతో వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. బర్మా టేకు రేవుల్లో దిగేది, ఏజెన్సీ కలప గోదావరి మీద తేలి వచ్చేది. టేకు దూలాలు, టేకు వాసాలు, పైన పెంకు. మండువా లోగిళ్ళు అలా లేచాయి. మండువాలో కప్పు బయటికీ వాలుతుంది, లోపలి వాకిట్లోకీ వాలుతుంది. వాన పడితే ఇంటి మధ్యలో నాలుగు పక్కల నుంచీ నీటి తెర. అత్తయ్యగారి పుట్టిల్లు అలాంటిదే.

ఈ పెంకుకి తాటాకంత వాలు అక్కర్లేదు. గాడి ఉంది కనుక 30 డిగ్రీలు చాలు. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చి, నిచ్చెన వేసుకుని మా ఇంటి వాసానికి రసమట్టం ఆనించి కొలిచాడు. అడుగుకి ఏడంగుళాలు. "నానమ్మా, ముప్పై డిగ్రీలు! ఎనభై ఏళ్ళ కిందట ఏ కోణమానినీ లేకుండా ఎలా పెట్టారు?" అన్నాడు. "అడుగుకి ఏడంగుళాలని వడ్రంగికి తెలుసురా. ఇంక కోణమెందుకు?" అన్నారావిడ.

ఇక రేకు. లండన్‌లో హెన్రీ పామర్ అనే ఇంజనీరు 1829లో ఇనప రేకుని అలలు అలలుగా ముడిచి పేటెంట్ తీసుకున్నాడు. పలచటి రేకు, ముడిస్తే బరువు మోస్తుంది. కొన్నేళ్ళకే దానికి జింకు పూత వచ్చింది, తుప్పు తగ్గింది. తర్వాతి శతాబ్దంలో సిమెంటు, రాతినార కలిపిన ఆస్బెస్టాస్ రేకులు వచ్చాయి. స్వతంత్రం వచ్చే నాటికి హైదరాబాదులోనే వాటి ఫ్యాక్టరీ ఉంది. ఆ నార దుమ్ము ఊపిరితిత్తులకి ఎంత చెడ్డదో మనకి తర్వాత తెలిసింది. పెద్ద రేకు, తక్కువ అతుకులు. అందుకని వాలు ఇంకా తగ్గించుకోవచ్చు. చివరికి స్లాబు వచ్చింది. దానికి వాలన్నదే లేదు, నీళ్ళు గొట్టం వైపు పోయేలా కాస్త వాటం, అంతే.

తాటాకు 45, పెంకు 30, రేకు 10 లేదా 5, స్లాబు దాదాపు సున్నా. మన కప్పు తరం తరానికీ కాస్త కాస్త పడుకుంటూ వచ్చింది. ప్రతిసారీ ఖర్చు తగ్గింది, ఎత్తు తగ్గింది, కలప తగ్గింది. వాన అడిగిన లెక్క ప్రకారం ప్రతిసారీ మనమే నెగ్గాం.

కానీ కప్పు దగ్గర లెక్క అడిగేది వాన ఒక్కటే కాదు. అది నాకు పుస్తకం చెప్పలేదు, అత్తయ్యగారు చెప్పారు.

ఒక మధ్యాహ్నం మావారూ అబ్బాయీ మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్తున్నారని తెలిసి ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. ఇప్పుడు అరటి చెట్లున్న చోట నాలుగు రాళ్ళున్నాయి, పాత సావిడి స్తంభాల కింది రాళ్ళు.

"ఇక్కడ పశువుల సావిడి ఉండేది. తాటాకుది. రెండేళ్ళకోసారి నేయించలేక చచ్చేదాన్ని. మనుషులకి వండి పెట్టడం, కమ్మల లెక్క చూడడం అంతా నా నెత్తినే. రేకులేయించమని నేనే పోరాను మీ మావయ్యగారిని. ఆయనకి ఇష్టం లేదు. పశువులకి వేడి అన్నారు. నేను వినలేదు. తొంభై రెండులో వేయించాం. కప్పు కూడా కిందికి దింపేశాం, రేకుకి అంత వాలెందుకని."

తర్వాతది నేను ఊహించగలిగాను. అయినా ఆవిడ చెప్పేదాకా ఆగాను.

1996 నవంబరు 6. దీపావళికి నాలుగు రోజుల ముందు. కోనసీమలో ఆ తేదీ తెలియని ఇల్లు లేదు. సాయంత్రం మొదలై రాత్రంతా గాలి. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకి వెళ్ళిన వాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. తెల్లారేసరికి కొబ్బరి తోటలు తోటలుగా నేలమీద ఉన్నాయి. ఆ రాత్రి పశువులు అరుస్తుంటే మావయ్యగారు పలుపులు విప్పడానికి వెళ్ళారు. రెండు ఆవుల్ని విప్పారు. మూడోదాని దగ్గర ఉండగా సావిడి కప్పు లేచిపోయింది. విరిగిన రేకు ముక్క కుడి మణికట్టు మీద పడింది. రోడ్ల మీద చెట్లు. ఆస్పత్రికి చేరడానికి రెండు రోజులు.

ఆయన చెయ్యి నాకు తెలుసు. నేను కోడలిగా వచ్చేసరికి ఆ చేతి వేళ్ళు ముడుచుకోవు. తుఫానులో తగిలిందని మాత్రమే చెప్పేవారు. అత్తయ్యగారు అన్నం కలిపి ముద్దలు చేసి కంచంలో వరసగా పెట్టేవారు, ఆయన ఎడమ చేత్తో చెంచాతో తీసుకునేవారు. కొత్త కోడలిగా నాకది మురిపెంగా కనిపించేది. 2011లో ఆయన పోయేదాకా, పదిహేనేళ్ళు, రోజుకి రెండు పూటలా ఆవిడ అలా కలిపి పెట్టారు.

"ఒక్కనాడూ నన్ను అనలేదు. అంటే బాగుండేది," అన్నారావిడ.

ఆ రాత్రి నేను అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాను, రేకులు ఎందుకు లేస్తాయో చెప్పరా అని. వాడు భారత ప్రమాణాల సంస్థ వాళ్ళ గాలి లెక్కల పుస్తకం తీశాడు, ఐ.ఎస్. 875 మూడో భాగం. కోస్తాలో లెక్కకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. అంతకన్నా నాకు పనికొచ్చింది ఒక చిన్న పట్టిక. ఎత్తు తక్కువ ఇంటి కప్పు మీద గాలి ఎంత వాలుకి ఏం చేస్తుందో అందులో ఉంది.

గాలి కప్పుని కిందికి నొక్కుతుందని మనం అనుకుంటాం. వాలు తక్కువైతే నొక్కదు, పీలుస్తుంది. పైనుంచి వేగంగా పోతూ, విమానం రెక్కని ఎత్తినట్టు కప్పుని ఎత్తుతుంది. గాలికి ఎదురుగా ఉన్న వాలు మీద ఆ లాగుడు 10 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. 20 డిగ్రీలకి వచ్చేసరికి మూడో వంతు. 30 డిగ్రీల దగ్గర దాదాపు సున్నా. 45 డిగ్రీలైతే లాగడం పోయి, నిజంగానే కిందికి నొక్కుతుంది. వెనక వాలు మీద లాగుడు ఎలాగూ ఉంటుంది, దానికి కట్లు గట్టిగా ఉండాలి. ఇక గోడలు లేని షెడ్డయితే పైనుంచి లాగడానికి తోడు కింద నుంచి గాలి దూరి పైకి తోస్తుంది.

నేను ఆ పట్టిక వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తాటాకు 45, పెంకు 30. వాన కోసం పెట్టుకున్న వాలే గాలికీ సరిపోయింది. మనవాళ్ళకి రెండు లెక్కలు వేయాల్సిన అవసరం రాలేదు, వస్తువే వాళ్ళ చేత ఆ వాలు పెట్టించింది. రేకు వచ్చాక వాన అడగడం మానేసింది. గాలి అడుగుతూనే ఉంది. మనమే వినలేదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ విమానాశ్రయం కప్పే దెబ్బతింది, మన సావిళ్ళ సంగతి చెప్పేదేముంది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అత్తయ్యగారికి చెప్పాను. రేకు ఒక్కటే కారణం కాదు, కప్పుని దింపేయడం, గోడలు లేకపోవడం, కొక్కేలు సరిగ్గా లేకపోవడం, ఇవన్నీ కలిశాయని. తాటాకు కప్పే ఉన్నా ఆ గాలికి సావిడి మొత్తం కూలి ఆయన మీదే పడి ఉండేదేమోనని. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందేమో.

ఆవిడ గ్లాసు కింద పెట్టి, "దించమన్నదీ నేనే కదమ్మాయ్," అన్నారు. కాసేపు ఆగి, "అయితే ఈసారి ఎంత పెట్టాలి?" అన్నారు.

లెక్క అక్కణ్ణించి ముందుకి నడిచింది. ఇంటి కప్పు అడుగుకి ఏడంగుళాలు, షెడ్డుకీ అంతే పెట్టాలనుకున్నాం. ఒకే వాలుగా పెడితే పన్నెండడుగులకి ఏడడుగుల ఎత్తు లేస్తుంది, షెడ్డు కాదు జారుడుబల్ల అవుతుంది. రెండు వాలులుగా విడదీసి మధ్యలో కొప్పు పెడితే ఒక్కో వైపు ఆరడుగులే, మూడున్నర అడుగుల ఎత్తు. స్తంభం ఎనిమిది, కొప్పు పదకొండున్నర. ఇంటి కొప్పు కంటే బాగా కిందే. ఇంటి పక్కన విడిగా ఏదైనా కట్టేటప్పుడు వాలు ఒకటే అయితే రెండూ ఒక కుటుంబంలా కనిపిస్తాయి. అత్తయ్యగారు మొదట చెప్పిన ఎబ్బెట్టు కారణం కూడా అబద్ధం కాదన్నమాట.

నీళ్ళ లెక్క కూడా మారింది. మేస్త్రి గీసిన దాంట్లో మొత్తం కప్పు నీరు ఇంటి వైపే పడుతుంది. ఒక పూట పది సెంటీమీటర్ల వాన పడితే మూడు వేల లీటర్లు, పాత సున్నపు గోడకి పదడుగుల దూరంలో. పోనీ అటు తిప్పుదామంటే ప్రహరీ అవతలి వాళ్ళతో చూరు నీళ్ళ తగాదా. పల్లెటూళ్ళలో ఎన్ని ఇళ్ళ మధ్య మాటల్లేకుండా చేసిందో ఆ చూరు నీరు. రెండు వాలులైతే చెరి పదిహేను వందల లీటర్లు. ప్రహరీ వైపు చూరు అడుగున్నర బయటికి వచ్చినా ఇంకా మూడున్నర అడుగులు మన నేలే, అరటికి పోతుంది. ఇంటి వైపు చూరు కింద చిన్న కాలవ తవ్వించాం.

పైన ఏం వేయాలన్న దగ్గర మావారు రేకుల మీదే నిలబడ్డారు. ముప్పై డిగ్రీల వాలుకి, బోల్టులు దగ్గర దగ్గరగా వేస్తే రేకూ ఉంటుందని. ఆయన మాటలో తప్పు లేదు. కానీ పక్క ఊళ్ళో పాత పెంకుటిల్లు ఒకటి పడగొడుతున్నారని తెలిసింది. ఆరు వందల పెంకులు, కొప్పు పెంకులతో సహా, కొత్త రేకుల ధరలో సగానికి. ఒక్కో పెంకు రెండున్నర నుంచి మూడు కిలోలు. కప్పంతా కలిపి టన్నున్నర. అదే రేకులైతే రెండు వందల కిలోలు కూడా ఉండవు. గాలితో పోట్లాటలో బరువు మనవైపు ఉండడం మంచిదే. అయితే ఆ బరువు మోయడానికి ఇనప గొట్టాల వాసాలూ, రీపర్లూ లావువి వేయాల్సి వచ్చింది, పెంకుల మీద మిగిలింది అక్కడ పోయింది. పెంకు కూడా తుఫానుకి అంచుల దగ్గరే ముందు లేస్తుంది. అందుకని చూరు వరసలూ, రెండు చివర్ల వరసలూ పెంకు వెనక బెజ్జం లోంచి రాగి తీగతో రీపరుకి కట్టించాం. చుట్టూ గోడ, ముందు రెండు రెక్కల తలుపు. గాలి లోపలికి దూరకుండా ఉండడానికి ఆ తలుపు.

మేస్త్రి మొదట గొణిగాడు. "కారు షెడ్డుకి ఇంత ఇంటి పనేంటండీ?" అని. మూడు రోజులన్నది పద్దెనిమిది రోజులయింది. మావారు ఖర్చు లెక్క చీటీ ఫ్రిజ్‌కి అంటించి ఉంచారు, ఇప్పటికీ ఉంది.

పని అయిపోయిన సాయంత్రం అత్తయ్యగారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని షెడ్డులో కూర్చున్నారు. కారు ఇంకా లోపల పెట్టలేదు. తలెత్తి పైకి చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారు అత్తయ్యగారూ?"

"వాసాలు లెక్కపెడుతున్నాను. పక్కకి పన్నెండు. ఇరవై నాలుగున్నాయి," అన్నారు. "మన తిండి ఇందులో తినలేదు కదా, పర్లేదు."

ఆ అక్టోబరులో వాయుగుండం అని రేడియోలో చెప్పిన రాత్రి గాలి బాగానే వేసింది. నేను లేచి చూస్తే ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. బయట చీకట్లో షెడ్డు పెంకుల మీంచి నీరు రెండు వైపులా జారుతున్న చప్పుడు. కాసేపు ఇద్దరం విన్నాం. "పడుకో అమ్మాయ్, పొద్దున్నే లేవాలి," అని ఆవిడే ముందు వెళ్ళి పడుకున్నారు.